సైకిల్ ట్యూబు ముక్క

ఎస్ప్రెస్సో మిషను మీట నొక్కితే చాలు
కాఫీ కంటే ముందు గోల దిగేది.
కప్పులు ఒకదాన్నొకటి రాసుకుంటూ
వంటగట్టు అంచుదాకా నడిచొచ్చేవి.
తెల్లారి అయిదింటికి
కింది వాటా మాస్టారు
కర్రతో పైకప్పు పొడిచేవారు.

కింద తువ్వాలు మడిచి పెట్టాను.
ట్రే సందులో పాత పోస్టుకార్డు దూర్చాను.
గోల గొంతు మార్చుకుంది, అంతే.

గంటస్తంభం పక్క సందులోంచి
తవిటయ్యని పిలుచుకొచ్చాను.
నెల్లిమర్ల జూటుమిల్లులో ముప్పయ్యేళ్ల ఫిట్టరు.
మగ్గాలు చెవులు తినేశాయి.
చెయ్యి మిగిలింది.

పక్కరేకు మీద అరచెయ్యి ఆన్చి
కళ్లు మూసుకున్నాడు,
జొరమొచ్చిన పిల్లని చూసినట్టు.
"పంపుది తప్పు నేదు బాబూ,
దాని కొట్టుకోడం దానిది.
ఈ రేకే, ఊరికే తాళమేస్తంది."

మూడు మరలు విప్పి
సైకిల్ ట్యూబు ముక్క కోసి
పంపుకీ రేకుకీ మధ్య పరిచి
మళ్లీ బిగించాడు,
చివర్న ఒక్క పావు తిప్పు వెనక్కి.

నొక్కాను.
కప్పులు కదల్లేదు.
ఎవరో గొంతు సవరించుకున్నంత చప్పుడు.
"ఆగిపోనాదేటి?" అన్నాడు
నా మొహంలోకి చూసి.
తలూపాను.

రెండు గుటకల కాఫీ చేతికిస్తే
కప్పు వంచి అడుగు చూసి
"అంత గోలా ఇంతకేనేటి!"
అని, పంచదార అడిగాడు.