రెండు మీసాల మధ్య

పట్నంబజారులో పురుగుమందుల కొట్టు.
నేనక్కడ బిల్లులు రాస్తాను.
రాత్రి ఎనిమిదింటికి షట్టరు సగం దించి
ఓనరు టిఫినుకెళ్తే
ఇరవై నిమిషాలు
నేను పురుగుని.

ఆట పెట్టిచ్చింది
ప్రింటరు బాగుచెయ్యడానికొచ్చిన నాగుల్ మీరా.
"ఇందులో తుపాకీ ఉండదక్కా, ఊరికే బతకాలంతే" అన్నాడు.
ఊరికే బతకడమంటే
వాడికింకా తెలీదు.

నా ఒళ్ళు నాకు కనపడదు.
తెర అడుగున రెండు మీసాలు మాత్రం
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికే వేళ్ళలాగా
తడుముతూ ఉంటాయి.
ఏ దేశందో వంటిల్లు.
గచ్చు మీద పగులు నాకు కొమ్మమూరు కాలువంత.
ఉప్పురాయి ఎక్కడానికి ఒక సాయంత్రం
దిగడానికి ఇంకో సాయంత్రం.
నీటిబొట్టు, తలుపుల్లేని గుండ్రటి గది.
మూతి ఆనించానో లేదో లోపలికి లాగేసుకుంది.
అది మొదటి చావు.
రెండోది చీపురు.
మూడోది బల్లి: నాలుక రావడం చూళ్ళేదు
వెళ్ళడం చూశాను, దాంతోపాటే వెళ్తూ.
డేబుక్కు చివరి పేజీలో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను.
పద్నాలుగు దాటాక మానేశాను.

ఎక్కడికి వెళ్ళాలో ఆట చెప్పదు.
గోడ పైనుంచి ఒక వాసన మాత్రం దిగుతుంది.
వాసనని పసుప్పచ్చ దారంలా గీశారు, పాపం.
నా చుట్టూ ఉన్న అసలు వాసనని ఏ రంగుతో గీస్తారో.
ఒకసారి ఆ దారం పట్టుకుని సగం గోడ ఎక్కాను కదా
వీధిలో మిర్చి టిక్కీల లారీ వెళ్ళింది.
తుమ్మాను.
ఆరు కాళ్ళూ ఒక్కసారే వదిలేశాయి.

ఇవాళ పొద్దున యలమంద వచ్చాడు,
కాకుమాను అవతల ఎకరంన్నర కౌలు.
కవర్లో మిరప పూలు నాలుగు.
"పువ్వుకి పదేసున్నయ్యమ్మా."
తెల్లకాగితం మీద దులిపాం.
నల్ల చుక్కలు. ప్రింటరు ఇంకు కక్కిందనుకునేంతలో
చుక్కలు నడిచాయి.

భూతద్దం పెట్టాను.
ఒకటి కాగితం అంచుదాకా వచ్చి
మీసాలు రెండూ ఎత్తి
ఆగింది.
ఆ ఆగడం నాకు తెలుసు.
అవతల ఏముందో తెలీనప్పుడు
మీట మీద వేలుంచి నేనూ అట్లాగే ఆగుతాను.
తలెత్తితే యలమంద
కౌంటరు అంచు పట్టుకుని
ఆగున్నాడు.
పోయినేడు మూడు మందులు కలిపి ఏడుసార్లు కొట్టాడు.
బాకీల పుస్తకంలో ఆయన పేజీ
తియ్యకుండానే చదవగలను.

మందిచ్చాను. పావు లీటరువి రెండు.
మూతికి గుడ్డ కట్టుకో, ఎదురుగాలిలో కొట్టకు అన్నాను.
బిల్లు రాశాను.
పురుగులున్న కాగితం మడిచాను,
మెల్లగా మడిచాను.
మెల్లగా మడిస్తే ఏమవుతుంది,
ఏమీ కాదు.

రాత్రి మళ్ళీ గోడెక్కాను.
ఈసారి తుమ్ము రాలేదు.
పసుప్పచ్చ దారం చివర వెంటిలేటరు,
దాని బయట గడ్డి, గడ్డి మీద ఎవరిదో ఎండ.
ఇంకో నాలుగడుగులు.
కిందనుంచి చెయ్యొకటి లేచింది.
చేతిలో డబ్బా.
డబ్బా మీద రాత నాకు రాని భాష, అయినా
లీటరు నీళ్ళకి ఎన్ని మిల్లీలో
నా నోరు దానంతటదే లెక్కగట్టింది.
రోజూ నేనే అందించే డబ్బా మూతికి
అంత గుండ్రటి చీకటి ఉంటుందని
ఇటునుంచి చూస్తేనే తెలిసింది.

తెర తెల్లబడుతుండగా
వెనక చప్పుడు.
సగం షట్టరు కిందనుంచి
ముందు చెప్పులొచ్చాయి.
"ఇంకా ఎళ్ళలేదా?"
ఎంత పెద్ద చెప్పులో.

నా మీసాలు రెండూ
వెనక్కి ముడుచుకున్నాయి.