కొలబద్ద

సబ్బుబిళ్ళ మీద పన్ను, నూనె పాకిట్టు మీద పన్ను,
జ్వరమొస్తే మింగే గోలీ మీద పన్ను.
సిరొంచ తాలూకాల, ప్రాణహిత గట్టు మీద,
నా దుకాణంల ఏ డబ్బా మూత తీసినా
అడుగున కొంచెం సర్కారు ఉంటది.

అందుకే అడిగే హక్కు నాకున్నదనుకున్న.

ఊరి బయట బస్సు రాని బస్‌స్టాండు కట్టిన్రు.
నల్లరాతి పలక మీద మరాఠీల పదకొండు పేర్లు.
నా కొడుకు చదివి తెలుగుల చెప్పిండు:
"అన్నీ పేర్లే అమ్మా, ఇంకేం లేదు."
ఇప్పుడండ్ల జక్కుల సారక్క మేకలు నెమరేస్తయి.
వాటి లెక్కల అది మంచి ఖర్చే.

గని నా కడుపు మండింది బస్‌స్టాండు చూసి కాదు,
దుర్గం లస్మయ్యను చూసి.

రేవుకాడ పాతిన కొలబద్ద,
తెలుపు నలుపు గీతలు, కట్లపాము తీరు.
పొద్దుగాల దిగుతడు, చూస్తడు, బుక్కుల రాస్తడు,
ఫోన్ల ఎవరికో అంకె చదివి వినిపిస్తడు.
వానకాలమైతే గంటగంటకు, గొడుగు కింద, బ్యాటరీ లైటుతోని.
ఎండకాలం నీళ్ళు బద్దను ఇడిసిపెట్టి
ఇసుకల ఆవలి ఒడ్డు పట్టినంక కూడ
దిగుతడు, చూస్తడు, రాస్తడు.
"ఏం రాసినవు లస్మయ్యా?"
"నీళ్ళు లెవ్వని."

దానికి జీతమా!
నీళ్ళు లెవ్వని చెప్పనీకి
ఖాళీ బిందెతోని వాపసొచ్చే పోరి సాలదా?

ఉద్దెర పుస్తకంల ఆయన పేజీ ఎనుక
ఒకనాడు లెక్క కట్టిన.
ఇరవై రెండేండ్లు. ఒక్కో అంకెకు నా సబ్బులెన్ని?
కూడుకుంట పోతే ఆ సబ్బుల కుప్ప
బద్ద కన్న ఎత్తయింది.
చూపిస్తే ఆయనకు కోపం రాలే.
"నది ఎంత లేస్తదో నదికే తెల్వదక్కా,
నాకసలే తెల్వది.
ఈ పాత అంకెలకు జరంత తెలుసు" అని
యాభై గ్రాముల చాపత్తి కట్టించుకొని పోయిండు.
ఉద్దెరే.

శ్రావణంల ఒక అర్ధరాత్రి తలుపు కొట్టిండు.
"సామాను మూడో అర పైకి ఎక్కియ్యి."
బియ్యం, ఉప్పు, చక్కెర, నేనూ నా కొడుకూ
నడుములు ఇరిగేదాక మోసినం.
తెల్లారేసరికి నీళ్ళు రెండో మెట్టు కాడికొచ్చి
చెప్పుల జోడు ఒక్కటి ఎత్తుకొని ఎనుకకు మళ్ళినయి.
ఎంత తిట్టిననో ఆయనను!
ఆయన మాత్రం మెట్టు మీది తడిగీతను జేనతో కొలిచి
బుక్కుల రాసుకున్నడు.

కింది వాడ సంగతి మధ్యాహ్నం దాక నాకెరుక లేదు.
ఇండ్లండ్ల వాసాల దాక నీళ్ళు.
మనుషులను రాత్రే లేపిండట, తలుపు తలుపుకు తిరిగి.
బస్‌స్టాండుల దాచుకుందామని పోతే
కప్పు జల్లెడ లెక్క కారిందట.
బడి వరండాల పండుకున్నరు అందరు,
మేకలతోని సహా.

ఒక్కరు సచ్చిపోలే.

ఆ రాత్రి పుస్తకం ముందరేసుకొని కూసున్న.
జమ ఒక దిక్కు, ఖర్చు ఒక దిక్కు.
సచ్చిపోనోళ్ళను ఏ దిక్కు రాయాలె?
సచ్చినోళ్ళకైతే పంచనామా ఉంటది, పైసలుంటయి,
పేపర్ల ఫోటో ఉంటది.
బతికినోళ్ళు తెల్లారి నా దుకాణానికొచ్చి
అగ్గిపెట్టెలు అడిగిన్రు.

అట్లని బస్‌స్టాండును మాఫ్ చేయలే నేను.
ఆ పదకొండు పేర్లను కొడుకుతోని చదివించుకొని
పుస్తకం ఆఖరి పేజీల రాసి పెట్టిన,
బాకీదారుల పేర్ల తీరు.

మళ్ళ ఎండలొచ్చినయి.
లస్మయ్యకు నాలుగు నెలల జీతం రాలేదట.
అంటే ఇప్పుడు ఈ నదిని కొలిపిచ్చేది
సర్కారు కాదు, నా దుకాణం.
పొద్దుగాల గట్టు మీదికెళ్ళి కేకేస్త:
"ఎంతున్నది?"
"లెవ్వు."

తారీఖు ఏసి రాస్త:
నీళ్ళు లెవ్వు.
సబ్బు ఒకటి, లస్మయ్య, ఉద్దెర.