పదకొండో ముక్క

గుండ్లాపల్లి షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి
రేకులు టకటకమంటాయి.
టైటానియం ముక్క మీద జెల్లు రాస్తాను,
పాపిట్లో నూనె పెట్టినంత పల్చగా.
ప్రోబు ఆనించి ఒక కూత వేస్తాను.
మన చెవికి అందని కూత.

ఇరవై మిల్లీమీటర్ల మందం.
అడుగుదాకా పోయి తిరిగి రావడానికి
సెకనులో లక్షా యాభై వేలో వంతు.
ఆలోపలే
దారిలో ఎవరెవరు ఎదురుపడ్డారో
అంతా చెప్పేస్తుంది,
చాడీలు మోసే పిల్లలా.

కోసీ చూడొచ్చు.
నునుపు పట్టి, ఆసిడ్ పోసి, భూతద్దం కింద పెడితే
గింజలన్నీ బయటపడతాయి.
కోశాక మాత్రం అది ఎగరదు.

కొలిమి ఖాజావలిది.
ముందు టంగుటూరులో
పొగాకు బ్యారన్ల దగ్గర మంట చూసేవాడు.
వారం రాత్రుళ్ళు కట్టె ఎగదోస్తూ,
ఈనె ఎండిందో లేదో
విరిచి, ఆ చప్పుడులో పట్టుకునేవాడు.
ఇక్కడ వెయ్యి డిగ్రీలు. విరవడానికేమీ లేదు.
"నేను వండుతా, నువ్వు ఉప్పు చూడమ్మా" అంటాడు.

ఇవాళ పదకొండో ముక్క.
అడుగు నుంచి నిటారుగా లేవాల్సిన గీత
సగానికి కుంగింది.
దాని ముందు, బోడిగా ఉండాల్సిన చోట
తెర నిండా సన్నటి గడ్డి.
మేం దాన్ని గడ్డి అనే అంటాం.
లోపల పలకలు లావెక్కి గుంపులు కట్టి
కూతని చెదరగొడితే మొలిచేది.
జెల్లు తుడిచి మళ్ళీ రాశాను.
ముక్కని తిప్పి పెట్టాను.
గడ్డి అక్కడే.

కొలిమి కాగితం మీద గీత తిన్నగా ఉంది.

ఎప్పుడొచ్చి నిలబడ్డాడో నా వెనక.
"పటకారు జారిందమ్మా.
నీళ్ళలో పడేలోపు నలభై లెక్కపెట్టినంత.
ఎవురూ సూళ్ళా."
తెర వైపు వంగి, "ఇదేనా అది?"
"ఇదే."
"ఆకైతే రంగులో చెప్పేసేది.
ఇదేంది, ఇంత లోపల పెట్టుకునింది!"

కాసేపాగి, "మళ్ళీ కాలిస్తే పోద్దా?"
"కొంత."

పదకొండు ఎదురుగా నా అంకెలు రాశాను.
కారణం గడి ఖాళీ.
పెన్ను ఆయన వైపు జరిపాను.
చేతులు చొక్కాకి తుడుచుకుని
నిదానంగా
"నలభై" అని రాశాడు.
సెకన్లు అని రాయడం మర్చిపోయాడు.
నేనూ చెప్పలేదు.