ఇంటి నంబరు

ఇరవై ఒక్క రోజులల్ల రాయించాలంట.
పద్దెనిమిది ఒడిసినయ్.

మా నాయిన ములుగు అంటడు,
రేషన్ కార్డు ఆడనే ఉన్నది గదా అని.
బావమరిది శ్రీకర్ వరంగల్ రాయించుమంటడు:
రేపు పిల్ల ఏ దేశం పోయినా
చెప్పంగనే ఎరుకయ్యే పేరుండాలె గద, బావా.
ఎంజీఎంల గుమస్తా తలెత్తకుండనే అన్నడు:
"బొడ్డు కోసి తెచ్చిన బిడ్డ మా లెక్కల రాదు."

ఆ రాత్రి కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకి
రోడ్డు మీదికొచ్చింది.
నూట ఎనిమిది బండి లైట్ల ముంగట
నీళ్లు,
నీళ్ల మీద కొట్టుకపోతున్న ఒంటి చెప్పు.
డ్రైవర్ ఎల్లస్వామి ప్యాంటు మోకాళ్ల దాక మడిచి
లోతు చూసొచ్చేలోపల
బండిలకెళ్లి ఏడుపు.

"బండి ఏడ ఆగితే అదే పుట్టిన ఊరు" అన్నడు
పంచాయతి కార్యదర్శి, పెన్ను మూత కొరుక్కుంట.
"నీళ్లకు ఇవుతల ఆగిందా, అవుతల ఆగిందా?"
నాకు యాదికి రాలే.
ఫోను తీసి చూసిన. ఫోను గూడ ఆ రాత్రి సచ్చిపోయే ఉండె.

గిన్ని రోజులు స్రవంతిని ఎవ్వలం అడగలే.
బిడ్డ మీద కొంగు సర్దుకుంట అన్నది:
"ఇవుతలనే. కప్పల లొల్లి నా ఎడమ చెవుల ఉండె.
నీళ్లు బండిని ఆపినయ్ గని
దీన్ని ఆపలే.
ఈ ఊరే రాయి, సారు."

రాసిండు.
రాసి, మళ్ల ఆగి, "ఇంటి నంబరు?" అన్నడు.

కిటికిలకెళ్లి రోడ్డు కనబడుతుంది.
నీళ్లు తీసినయ్.
తారు మీద ఒండ్రు గీత,
దాని మీద అప్పుడే ఒక బర్రె అడుగులు.