పలుపు

మా బాపు కట్ల మొగిలికి
యేండ్లు అంకెలల్ల ఉండయి.
నేను ఎప్పుడు పుట్టిన్నని బడిల సారడిగితె
"కర్రావు రెండో ఈతల" అన్నడట.
సారు నవ్వి, తనకు తోచిన తారీకు వేసుకున్నడు.
ఇయ్యాల్టికీ నా ఆధార్ కార్డు మీద
ఆ సారు ఊహించిన జూన్ నెలే.

ముప్పయ్యొక్క పశువు మాది.
తెల్లారకముందే దొడ్డి కంప జరిపి
ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యేసుకుంట లెక్కవెట్టేటోడు,
పేర్లతోనే:
చుక్కావు, మైలావు, నెమిలి,
గూని, గూని బిడ్డ, పుల్లావు...
ఆఖరుకు గడపల నిలవడి
ఒక్కటే దుప్పట్ల మెలిపడ్డ మా ముగ్గుర్ని గూడ
చూపుతోనే లెక్కవెట్టి
పాకాల అడివి దిక్కు సాగేటోడు.

ఆవు ఈనినప్పుడు
దూడ కడుపునిండినంకనే మాకు జున్ను.
మేం ఏడ్చినా అంతే.
పొద్దుగూకంగ వచ్చేటప్పుడు
రుమాలు ఒక కొసకు మొర్రిపండ్లు మాకు;
రెండో కొస ముడి
మేం నిద్రపోయినంక ఇప్పేటోడు, అమ్మ ముంగట.
నేను నిద్రపోయినట్టు చేసి రెండుసార్లు చూసిన.
అవ్వి గూడ మొర్రిపండ్లే.
జర పెద్దయి.

అడివి సుట్టు కందకం తవ్విన యేడు
అమ్మకు గర్భసంచి ఆపరేషనన్నరు.
హన్మకొండ దవాఖానల చీటీ రాసిచ్చిన కాయితం
బాపు తలకిందులుగ పట్టుకొని శానాసేపు చూసిండు.
మర్నాడు కేసముద్రం అంగడికి
పుల్లావును తోలుకపోయిండు.
ఏ ఆవును అమ్మాల్నో మమ్ములనడుగలే.
ఎక్కువ పాలిచ్చేది అదే,
ఎక్కువ ధర వచ్చేదీ అదే.
నెక్కొండ అవతలి ఆసామి కొన్నడు.

అమ్మ ఇంటికొచ్చిన నాలుగోనాటి రాత్రి
కంప అవతల ఎవరో నిట్టూర్చినట్టయింది.
బాపు దీపం ముట్టియ్యలే. చీకట్లనే
"పుల్లీ" అన్నడు.

మెడకు తెగిన పలుపు,
గిట్టల సందున రైలుపట్టాల కంకర,
పొదుగు రాయిలెక్క గట్టివడ్డది.
బాపు కంకర తీసుకుంట కూసున్నడు, గోటితోని.
అమ్మ కుట్ల మీద ఒక చెయ్యి అదిమిపట్టి
ఇంకో చేత కుడితి బకెట్ మోసుకొచ్చింది.
జీవితంల ఒక్కసారి బాపు అమ్మను తిట్టంగ విన్నది
ఆ రాత్రే.

మా అన్న కుమారు ఎగిరిండు:
"దానంతట అదే వచ్చింది బాపూ, మనమేం దొంగతనం చేసినమా?
మల్లన్ననే పంపిండనుకో. ఉండనియ్యి."
బాపు శానాసేపటికి తలెత్తిండు.
"పైసలు మీ అమ్మ కడుపుల కుట్లయినయి బిడ్డా.
అవి ఇప్పి ఎట్ల మర్లియ్యను?"

తెల్లారంగ మళ్ళ లెక్కవెట్టిండు.
దాని వీపు మీద గూడ చెయ్యేసి
ముప్పయ్యొకటి అన్నడు.
తర్వాత దాన్ని ముంగటేసుకొని నడిచిండు.
ట్రాలీ ఆటోల ఎక్కియ్యి అని అంటె
"వచ్చేటప్పుడు నడిచొచ్చింది గద" అన్నడు.
మా ఊరి మూలమలుపు కాడ అది ఆగింది.
బాపు గూడ ఆగిండు.
ఇద్దరిల ఎవరు ముందు కదిలిన్రో
నాకు మంచుల కనవడలే.

మర్నాడు మాపటికి వచ్చిండు.
ఆసామి చాయ పోసిండట,
గొలుసు కొనుక్కొస్త, ఇగ తాడుతోని నిలువదు అన్నడట.
అంతే చెప్పిండు.
భుజం మీది తెగిన పలుపును
దొడ్డి మొగురానికున్న మొలకు తగిలేసి
కాళ్ళు కడుక్కొని అన్నం తిన్నడు.
ఆ రాత్రి రుమాలుకు ముడి లేదు.
అమ్మే వచ్చి పక్కన కూసున్నది,
ఖాళీ కొసను వేలుకు చుట్టుకుంట.

ఇప్పుడు పశువులు పన్నెండే.
వాటి చెవులకు పచ్చ బిళ్ళలు, వాటి మీద నంబర్లు.
బాపు చెయ్యి మాత్రం వీపులనే తడుముతది.
ఆ పలుపును ఇంకో ఆవుకు కట్టనియ్యలే,
పారెయ్యనియ్యలే.
ఒకసారి ఎలుక కొరికితె
రెండు రోజులు ఎలుక మీద కోపంగ ఉన్నడు.

మొన్న నా బిడ్డను అంగన్‌వాడీల చేర్చిన.
పుట్టిన తారీకు గడియతో సహ గట్టిగ చెప్పిన.
టీచరు రాసుకుంటాంది.
బయట అరుగు మీద కూసున్న బాపు
ఎవ్వలూ అడగకున్నా,
కట్టె మీద గడ్డమానిచ్చి, తనలో తనే సరిజేసిండు:
"పుల్లావు వచ్చిపోయిన
మూడో యేడు."