పదిహేడో పీపా

కంట్లో శుక్లం తీశాక డాక్టరు చెప్పాడు:
పదిహేను రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు,
ఉప్పు దరికి పోకూడదు.
ఉప్పు దరికి పోకుండా
సాంతోన్యాలో ఎవరు బతికారండీ?

మా నాన్న పోయిన మర్నాడు కూడా
పీపా మూత తీసి
నెత్తళ్ళ మీద బొటనవేలు నొక్కినదాన్ని.
ముప్పై ఒక్క ఏళ్ళు. ప్రతి పీపా.
ఇది పండింది, ఇది పచ్చి, దీనికి ఇంకో నెల.
నా వేలు చెప్పందే
కత్తెర కదల్లేదు, డబ్బా మూత పడలేదు.
కొత్త తువ్వాళ్ళు కొనాలన్నా నా సంతకం.
మరుగుదొడ్డిలో బల్బు మాడినా నాకే కబురు.
దాన్ని నేను బాధ్యత అనేదాన్ని.
వెనక వరుసలో ఎలాదియా ఇంకేదో అనేది,
తిరిగి చూస్తే దగ్గేది.

తాళాల గుత్తి రుక్సాంద్రకిచ్చాను.
పదకొండు తాళాలు,
ఏది ఏ తలుపుదో రెండేసిసార్లు చెప్పాను.
"తెలుసు," అంది.
తొమ్మిదేళ్ళుగా నా వెనకే నడుస్తోంది.
తెలుసని నాకు తెలీదు.

"పదిహేడో పీపా ముట్టుకోకు. నేనొచ్చాక చూస్తాను."

మొదటిరోజు పదకొండుసార్లు ఫోన్ చేశాను.
పన్నెండోసారి ఆమె మాట్లాడలేదు,
ఫోనెత్తి బల్ల మీద పెట్టేసింది.
కంటికి కట్టుతో వంటింట్లో కూచుని విన్నాను:
కత్తెరలు. నీళ్ళు.
ఎవరో నవ్వారు.
మళ్ళీ కత్తెరలు.
నేనున్నప్పుడు ఆ గదిలో
ఎవరైనా నవ్వగా విన్నానా?
చార్జి అయిపోయేదాకా విన్నాను.

పదోరోజు బిల్బావో నుంచి గార్మెందియా.
"విసితా, ఈసారి సరుకులో ఉప్పు కాస్త తగ్గింది."
నా చేతిలో గరిటె జారిపోయింది.
"ఇలాగే ఉంచండి," అన్నాడు.

పదిహేడో పీపా.

తిట్టడానికి మాటలు పేర్చుకున్నాను.
నా ఉప్పు తిని, అని మొదలుపెట్టబోయి ఆగాను.
ఎవరి ఉప్పు?
సంచి మీద కాదిస్ అని రాసుంటుంది.
చేప సముద్రానిది.
చేతులు వాళ్ళవి, వేళ్ళ సందుల్లో పగుళ్ళూ వాళ్ళవే.
నాదల్లా ఒక బొటనవేలు.

నిజం చెప్పాలంటే
పీపా పాడైపోయుంటే ఇంత నొప్పి ఉండేది కాదు.
నష్టం నాకలవాటే.
నేను లేకుండా బాగుండటమే
మింగుడుపడలేదు.

పదహారోరోజు లోపలికెళ్ళాను, కొత్త కన్నుతో.
ముందు గోడలు కనిపించాయి.
రంగు వేయిద్దామని అడిగినప్పుడల్లా
"తెల్లగానే ఉన్నాయిగా" అన్న గోడలు,
పొగాకు నమిలేవాడి పళ్ళలా ఉన్నాయి.
ఇన్నేళ్ళూ అందరూ చూస్తూనే ఉన్నారు, నేను తప్ప.
చెత్తబుట్టలో చింపిన లేబుళ్ళు:
నలభై డబ్బాలకి తలకిందులుగా అంటించారట,
ఊడదీసి మళ్ళీ అంటించారట.
నాకెవరూ చెప్పలేదు.
చెప్పాల్సిన పనేముంది? అయిపోయిందిగా.

పద్దెనిమిదో పీపా దగ్గర రుక్సాంద్ర
మూత మీది రాళ్ళు దించి
నాకోసం పక్కకి జరిగింది.
అలవాటు. ఇద్దరిదీ.
నా బొటనవేలు లేచింది.
బడికి పోనని మొరాయించే పిల్లాణ్ణి
లోపలికి తోసినట్టు
దాన్ని ఏప్రన్ జేబులో కుక్కాను.
"ఎప్పుడు తీద్దాం?" అనడిగాను.
నా నోటికి కొత్త ప్రశ్న, గొంతు కీచుమంది.
ఆమె నొక్కింది. వాసన చూసింది.
తొందరపడలేదు.
"గురువారం."
"సరే."

సరే అన్నాను, ఇంటికొచ్చాను, సూప్ తాగాను.
రాత్రి పదిన్నరకి,
మీరు కాబట్టి చెబుతున్నాను,
గుత్తిలో కలపకుండా దాచుకున్న మారుతాళంతో వెళ్ళి
చీకట్లో పద్దెనిమిదో పీపా నొక్కి చూశాను.

గురువారమే.