కందిగింజంత

గ్యుమ్రిలో జనవరి.
వీధిలో మైనస్ పంతొమ్మిది,
నా బల్ల మీద తొంభై ఏడు.
ఈ రెండంకెల మధ్య
కోటు విప్పకుండా నిలబడింది సిరానుష్ టీచరు.

"పదమూడేళ్ళ లాప్‌టాప్.
ఆ పేస్టేదో మారిస్తే పనికొస్తుందా, డబ్బు దండగా?
నిజం చెప్పు, మార్తిన్."

నిజం చెప్పడం నా వృత్తిలో గిట్టుబాటు కాదు.
మూత కీలు ఒకటి విరిగితే దారం కట్టింది.
ఊడిపోయిన మీట చోట చొక్కా బొత్తం అంటించింది.
బాటరీ సూడిపిల్లి కడుపులా ఉంది.
అమ్మితే పన్నెండు వేల డ్రాములు,
అదీ కొనేవాడు తాగి వస్తే.
నా కూలి నాలుగు వేలు.
లెక్క ప్రకారం వద్దనాలి.

ఈలోగా ఫ్యాను ఎత్తుకుంది.

"విన్నావా? పాఠం నాది, పాట దీనిది."
ఆవిడ స్వరాలు నేర్పుతుంది.
తెర మీద గళ్ళలో ఏడుగురు పిల్లలు:
ఒకడు మార్సెయ్‌లో, ఇద్దరు క్రస్నదార్‌లో,
మిగతావాళ్ళు ఈ ఊళ్ళోనే, చలికి బయటికి రాలేక.
ఫ్యాను హోరునే శ్రుతి అనుకుని
అందరూ పావు స్వరం కిందికి జారిపోయారట.
"నలభై ఏళ్ళు పియానోల పక్కన కాపాడుకున్న చెవి,
నిన్న నేనూ దానితో కలిపి పాడాను,"
అంది, దొంగతనం ఒప్పుకున్నట్టు.

పదకొండు మరలు. ఒకటి ముందే లేదు.
లోపల రెండు వేళ్ళ మందం దుమ్ము,
పిల్లి వెంట్రుకలు, ఒక పొద్దుతిరుగుడు తొక్క.
సగం జబ్బు ఇదే.
చాలాసార్లు మేం దుమ్ము దులిపి
పేస్టు పేరున డబ్బులు పుచ్చుకుంటాం.
(ఇది ఆవిడకి చెప్పలేదు.)
బాటరీ తీసి ఇసుక డబ్బాలో పెట్టాను,
ఇక తీగ మీదే నడవనీ.

తర్వాత రాగి పలక ఎత్తాను.
పాత పేస్టు ఎండి, బూడిదరంగు పెచ్చయింది.
గోరు తగిలిస్తే పొడి రాలింది.

ఆ పొడి నాకు తెలుసు.
తొమ్మిదేళ్ళప్పుడు, భూమి కదిలిన డిసెంబరులో,
మా నాన్న అర్షాక్ మేస్త్రీ
కూలిన గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని
రెండు నల్లరాళ్ళ నడుమ అడుసును వేళ్ళతో నలిపాడు.
పిండిలా జారింది.
"రాయి రాయిగానే ఉంది," అన్నాడు.
వసంతం దాకా ఇంకేమీ అనలేదు.

ఎంత నున్నటి లోహమైనా
పక్క లోహాన్ని పూర్తిగా తాకదు.
కంటికానని గుంటల్లో గాలి కాళ్ళు చాపుకుంటుంది.
గాలి వట్టి సోమరి, వేడిని మోయదు.
దాన్ని లేపడానికే ఈ ముద్ద.
కందిగింజంత చాలు.
ఎక్కువేస్తే అదే ఇంకో గోడ.

మరలు బిగించి మీట నొక్కాను.
తొంభై ఏడు కాదు, ఎనభై ఒకటి.
ఫ్యాను ఓసారి దగ్గి సర్దుకుంది.
ఆవిడ కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"ఎన్నాళ్ళు?"
"రెండు చలికాలాలు. కీలు ఈలోపే పోవచ్చు."
"నా మోకాలికి డాక్టరూ ఇంతే చెప్పాడు,"
అని నాలుగు వేలు లెక్కపెట్టి,
ఊరబెట్టిన వెల్లుల్లి సీసా ఒకటి బల్ల మీదుంచి వెళ్ళింది.

ఈ రోజు ఫోను చేసింది.
పిల్లలింకా పావు స్వరం కిందే పాడుతున్నారట.
"యంత్రం బాగుపడింది, చెవులు అక్కడే ఉన్నాయి.
మీ దగ్గర వాటికేమైనా పూత ఉందా?"
నేను జవాబు వెతుక్కునేలోగా
"సరే, మళ్ళీ మొదటి స్వరం," అంది, నాతో కాదు,
ఫోను పెట్టేసింది.

ఆవిడ వెనక ఫ్యాను వినిపిస్తుందేమోనని
కాసేపు అలాగే చెవికి ఆనించుకున్నాను,
పెట్టేసిన ఫోనుని.